శెనక్కాయల పాఠం ఎవరిది?

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన జూన్ నెలలో, కర్ణాటకలోని పావగడ తాలూకులో ఒక కొత్త ప్రయోగానికి నన్ను నోడల్ అధికారిగా వేశారు. అప్పుడు నా హోదా శిక్షణ సంయోజకుడు. పాతవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే స్కూలు ఇన్‌స్పెక్టరు. పైన బ్లాకు విద్యాధికారి, కింద ఒక్కో గుంపు బడులను చూసుకోవడానికి సిఆర్‌పి అనే ఒక సీనియర్ టీచరు, నడుమ మేము. బడికి పోవడం, తరగతిలో వెనక కూర్చుని పాఠం వినడం, పిల్లల పలకలూ పుస్తకాలూ చూడడం, చివర టీచరును పక్కకు పిలిచి నాలుగు మాటలు చెప్పడం మా పని. సర్వీసంతా నేను చేసిందీ, నాకు తెలిసిందీ అదొక్కటే.

ప్రయోగం ప్రభుత్వానిది కాదు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక ట్రస్టుది. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడది ఆ పేరుతో లేదు. వాళ్ళు రెండు పనులు చేశారు. టీచర్లు చాలని పల్లె బడులకు తమ ఖర్చుతో అదనపు టీచర్లను ఇచ్చారు. వీళ్ళది ఏడాది ఒప్పందం, మార్చి చివర పొడిగిస్తే ఉద్యోగం, లేకుంటే ఇంటికి. రెండో పని, తమ లెక్కలోని బడుల్లో ప్రతి టీచరు ఫోనులోనూ ఒక ఏఐ యాప్ వేశారు. పర్మనెంటువాళ్ళయినా, ఒప్పందంవాళ్ళయినా వారానికి ఒక పాఠం ఫోనులో రికార్డు చేసి పంపాలి. టీచరు ఎంతసేపు మాట్లాడింది, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, అడిగినవి అవును, కాదు ప్రశ్నలా, ఆలోచింపజేసే ప్రశ్నలా, అడిగాక జవాబు కోసం ఆగిందా, లేక తానే చెప్పేసిందా, ఇవన్నీ ఆ ఏఐ విని అయిదుకు ఇన్ని స్టార్లని ఇస్తుంది. కింద కన్నడంలో ఒక పేరా సలహా రాస్తుంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ సలహాల్లో తప్పు ఉండేది కాదు. మా సీమ బడుల్లో పాఠం కన్నడంలో, మాటలు తెలుగులో నడుస్తాయి. దానికి రెండూ అర్థమయ్యేవి. ప్రశ్న అడిగాక కాసేపు ఆగండి అని నేను ఏళ్ళ తరబడి మొత్తుకున్న మాటే అదీ చెప్పింది. నేను చెబితే దున్నపోతు మీద వాన. ఫోను చెబితే చేతులు కట్టుకుని విన్నారు. సరే, ఎవరు చెబితే ఏం, పని జరిగితే చాలుననుకున్నాను.

నాకు గిట్టనిది నెలాఖరు సమావేశం. తాలూకు వనరుల కేంద్రం హాల్లో ప్రొజెక్టరు పెట్టి, గోడ మీద అందరి పేర్లూ స్టార్లతో సహా వేసేవాళ్ళు. బాగున్నవాళ్ళ పేరు పచ్చరంగులో, బాగోలేనివాళ్ళది ఎర్రరంగులో. తల నెరిసిన హెడ్‌మాస్టర్లు, నిన్న మొన్న డి.ఎడ్. ముగించిన పిల్లలు, అందరూ కలిసి కూర్చుని చూడాలి. పదిమందిలో పరువు తీస్తే పాఠం బాగుపడుతుందని ఏ శాస్త్రంలో రాసి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. ట్రస్టు మేనేజరు మేడంతో ఇది వద్దని రెండుసార్లు చెప్పాను. పారదర్శకత సార్, అంది ఆమె. మర్యాదస్తురాలే. బెంగళూరు అమ్మాయి, కన్నడం, ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు.

ఆ గోడ మీద నెలనెలా ఎర్రరంగులో కనబడే పేరు హనుమంతరాయప్ప గారిది. వై.ఎన్.హొసకోట వైపు ఒక పెద్ద బడికి ఆయన హెడ్‌మాస్టరు. అరసికెరె వైపు ఒక చిన్న పల్లె ఆయన సొంత ఊరు. మునుపు చాలా ఏళ్ళు ఆ ఊరి బడిలోనే చదువు చెప్పాడు, ఇప్పుడు అక్కణ్ణుంచి రోజూ బండి మీద పోయివస్తాడు. ఆయనది పాతకాలపు పద్ధతి. ఎక్కాలు గొంతెత్తి చెప్పించడం, తప్పితే మళ్ళీ మొదటినుంచి. తరగతిలో ఆయన మాటే వినబడుతుంది. పిల్లలు గుంపుగా అందుకోవాలి. ఏఐకి అది నచ్చదు. ఆయనకు ఒక స్టారు ఇచ్చేది, తప్పితే ఒకటిన్నర. ఆయన దగ్గర చదివినవాళ్ళు మా తాలూకులో రెండు తరాలవాళ్ళున్నారు. లెక్కల్లో ఒక్కరూ తడబడరు. అలాంటి మనిషి ఆ ఎర్ర పేరు కింద తల వంచుకుని కూర్చుంటే చూడడానికి నాకే కష్టంగా ఉండేది.

ఆయన సొంత ఊరి బడిలోనే ట్రస్టు ఇచ్చిన అదనపు టీచరు భాగ్యమ్మ. ముప్పై దాటని మనిషి. హనుమంతరాయప్ప గారి దగ్గరే అక్షరాలు దిద్దింది. పదో తరగతి కాగానే పెళ్ళి చేద్దామని వాళ్ళ నాయన అంటే, ఆయనే వాళ్ళింటి అరుగు మీద కూర్చుని, ఈ పిల్లను డి.ఎడ్. చదివించకుంటే మీ ఇంట్లో నీళ్ళు ముట్టనని భీష్మించి ఒప్పించాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన పేరెత్తితే ఆమె కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడుతుంది. ఆయన ఎదురుగా లేకపోయినా అంతే.

ఆ ఊరి సంగతి కూడా చెప్పాలి. పొలాలు చాలావరకు సోలారు పార్కుకు గుత్తకు పోయాయి. ఇంటింటికీ ఒకరిద్దరు అక్కడి సోలారు పలకలు తుడవడానికో, కింద గడ్డి కోయడానికో, కాపలాకో పోతారు. కరెంటు అక్కడ పుట్టి ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతుంది. ఆ ఊళ్ళో మాత్రం మిద్దె ఎక్కి నిలబడినా ఫోనుకు సిగ్నలు దొరకదు. ఇలాంటి ఊళ్ళ కోసం యాప్‌లో ఒక వెసులుబాటు పెట్టారు. పాఠం రికార్డు చేసి ఫోనులో దాచుకోవచ్చు, సిగ్నలున్న ఊరికి పోయినప్పుడు పంపవచ్చు. భాగ్యమ్మ శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక బస్సెక్కి హొసకోటకు పోయి, వారం సరుకులు కొనుక్కుని, అక్కడే బస్టాండులో నిలబడి తన పాఠం పంపేది.

ఫిబ్రవరి నెల సమావేశంలో గోడ మీద వింత చూశాం. హనుమంతరాయప్ప గారి పేరు పచ్చరంగులో, అయిదు స్టార్లతో, అన్నిటికంటే పైన. మేనేజరు మేడం ఎంతో సంతోషంగా ఏఐ రాసిన మెప్పు చదివి వినిపించింది. పాఠం నాలుగో తరగతి భాగహారం. పదిహేడు శెనక్కాయలు నలుగురికి సమంగా పంచితే ఒకటి మిగిలింది. మిగిలింది ఎవరికి అని టీచరు అడిగితే తరగతిలోంచి మా అవ్వకు అనే జవాబు వచ్చింది. టీచరు ఆ జవాబును కొట్టిపారేయకుండా, మీ అవ్వకు పళ్ళు లేవు కదా, ఎలా తింటుంది అని ఇంకో ప్రశ్న వేశారు. శేషం అనే భావాన్ని పిల్లల ఇంటి జీవితంతో ముడిపెట్టారు, ఇది అత్యుత్తమ బోధన అని రాసింది. హాలంతా చప్పట్లు. వచ్చే ఏడు తాలూకు మొత్తానికి మాస్టర్ ట్రైనరుగా ఆయన్నే వేస్తామని మేడం అక్కడికక్కడే ప్రకటించింది. నేను ఆయన వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. ముసలాయనకు మొహమాటం కాబోలునని సరిపెట్టుకున్నాను.

వారం తిరగకుండా నాకొక నోటీసు నకలు వచ్చింది. భాగ్యమ్మ పంపిన పాఠం మరో ఉపాధ్యాయుడు అంతకుముందే పంపిన పాఠానికి నకలని ఏఐ గుర్తించింది, ఇది మోసం కిందికి వస్తుంది, ఆమె ఒప్పందం పొడిగించరాదని సిఫారసు, నోడల్ అధికారి అభిప్రాయం తెలపాలి. ఆ మరో ఉపాధ్యాయుడి పేరు గోప్యం అని రాశారు. నేను మరునాడే ఆ ఊరికి పోయాను.

బడిలోకి పోయి అలవాటు చొప్పున వెనక కూర్చున్నాను. నాలుగో తరగతి పిల్లలను, ఈ మధ్య మీకు బాగా నచ్చిన పాఠం ఏదర్రా అని అడిగాను. అడగడమే ఆలస్యం, శెనక్కాయల పాఠం అని అరిచారు. పావని అనే పిల్ల లేచి, "మిగిలిన కాయ మా యవ్వకిస్తానంటి సార్. మీ యవ్వకు పళ్ళు లేవు కదే అన్నె మిస్సు. దంచి బెల్లం పెట్టి ఇస్తానంటి," అంది. పిల్లలంతా మళ్ళీ కొత్తగా విన్నట్టు నవ్వారు. ఆ కాయలు భాగ్యమ్మ ఇంట్లో విత్తనానికి కట్టిపెట్టిన మూటలోంచి తెచ్చినవట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సొమ్మొకడిది సోకొకడిది అని విన్నాం గాని, సొమ్ముగల మనిషినే దొంగగా నిలబెట్టడం ఎక్కడైనా ఉందా! భాగ్యమ్మను వరండాలోకి పిలిచి సూటిగా అడిగాను, రికార్డు హనుమంతరాయప్ప గారికి ఎలా చేరిందని. ఆమె తల వంచుకుని చెప్పింది. ఆ పాఠం చెప్పిన రోజు సాయంత్రం ఆయన వాళ్ళింటికి వచ్చాడట. నీ పాఠాలకు మంచి స్టార్లు పడుతున్నాయంట కదమ్మా, ఒకటి ఇయ్యి, విని నేర్చుకుంటా అన్నాడట.

"మా సారు నా దగ్గర నేర్చుకుంటానంటే నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగె సార్. ఫోన్లోంచి ఫోన్లోకి నేనే ఏసిస్తి."

ఆయన మరునాడు పొద్దున్నే హొసకోటలో తన పేరుతో పంపేశాడు. ఈమె శనివారం పంపింది. ముందు వచ్చింది అసలు, తర్వాత వచ్చింది నకలు. ఏఐ లెక్క అంతే. ఈ మాటే రాసివ్వమ్మా, నేను చూసుకుంటా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఆయన మింద నేనెట్ల రాసేది సార్? నాకీ చదువు ఆయన పెట్టిన భిక్ష. ఉద్యోగం పోతే పోనీ, సోలార్లో గడ్డి కోసేకి పోతా," అంది.

నీకేమన్నా పిచ్చా, అని ఆమె మీద కూడా అరిచాను. ఆమె మాత్రం తన మాట మీదే నిలబడింది.

నేరుగా పావగడకు వచ్చి మేనేజరు మేడం ముందు కూర్చున్నాను. రెండు రికార్డులూ పెట్టమ్మా, ఒక్క నిమిషం వింటే తేలిపోతుంది అన్నాను. వినడానికి లేదు సార్, అందామె. పిల్లల గోప్యత కోసం పాఠం పంపగానే టీచరు యాప్‌లోంచీ, స్టార్లు వేయగానే ట్రస్టు దగ్గరా రికార్డు చెరిపేస్తారట. రెండూ ఒకటేనని చెప్పే గుర్తు ఒక్కటి మాత్రం యంత్రం దగ్గర ఉంటుందట. పోనీ, ఆ పాఠంలో ఉన్నది ఆడగొంతు, హనుమంతరాయప్ప మగమనిషి, ఇది కూడా మీ యంత్రానికి తెలియలేదా అని అడిగాను. ఆమె ఓపిగ్గా వివరించింది. ఆడ, మగ అని పక్షపాతం రాకూడదని గొంతు ఎవరిదో చూడకుండానే ఏఐని తయారుచేశారట. అది తమ ఏఐ గొప్పతనమట.

ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మగమనిషి ఆడగొంతుతో పాఠం చెప్పాడంటే వీళ్ళు అయిదు స్టార్లు ఇచ్చి చప్పట్లు కొట్టించారు. వీళ్ళ తెలివి తగలెయ్య! ఒక్కరు, ఒకే ఒక్కరు, ఆ రికార్డు చెవిన పెట్టి ఉంటే ఈ గొడవ పుట్టేదే కాదు. పాఠం బాగుందో లేదో తేల్చే ఇంత పెద్ద ఏర్పాటులో పాఠం వినే మనిషి ఒక్కడూ లేడు. ఈ మాట ఆమె మొహం మీదే అన్నాను. ఆమె నొచ్చుకుంది. ముందు పంపిన ఉపాధ్యాయుడు తనంతట తాను తన పాఠం వెనక్కి తీసుకుంటే తప్ప నకలు ముద్ర చెరగదని, యాప్‌లో అంతకు మించి దారి లేదని చెప్పింది.

ఆ సాయంత్రం హనుమంతరాయప్ప గారిని బడి వదిలే వేళకు పట్టుకున్నాను. ఆయన దాచలేదు. సిగ్గుతో మనిషి సగమైపోయి ఉన్నాడు.

"ముప్పై మూడేండ్లు సదువు చెప్పినా సార్. నా దగ్గర సదివిన పిల్లోళ్ళ ముందర నెలనెలా ఆ గోడ మింద ఎర్రగా రాసి పెడ్తిరి. ఒక్క తూరి పచ్చగా చూసుకుందామని ఆశ పడ్తి. ఆయమ్మకు ఇట్లయితాదని కలగన్నానా?" అన్నాడు.

జాలి వేసింది. కోపం తగ్గలేదు. ఆ గోడ మీద కోపం, ఆయన మీద కోపం, రెండూ ఉన్నాయి. ఒక మనిషిని అంత దూరం నెట్టినవాళ్ళది తప్పే. నెడితే మాత్రం పోయి సొంత శిష్యురాలి మీద పడాలా? మార్చి చివరి సమావేశంలో ఒప్పందాల పొడిగింపు చదువుతారు, అంతకుముందే పాఠం వెనక్కి తీసుకోండి, లేదా అక్కడే లేచి ఉన్నమాట చెప్పండి అన్నాను. చెప్తా సార్ అన్నాడు. మాట ఇచ్చాడు. నేను నా అభిప్రాయంలో పాఠం భాగ్యమ్మదే అని స్పష్టంగా రాసి పంపాను. రుజువు జతపరచలేదు అనే వ్యాఖ్యతో అది తిరిగి వచ్చింది.

సంవత్సరాంత సమావేశానికి బడుల ఎస్‌డిఎంసి అధ్యక్షులను కూడా పిలుస్తారు. ఎస్‌డిఎంసి అంటే పిల్లల తల్లిదండ్రుల కమిటీ. ఆ ఊరి కమిటీకి అధ్యక్షురాలు ఓబుళమ్మ, పావని తల్లి. సోలారు పార్కులో పలకల కింద గడ్డి కోసే పని. ఆ రోజు కూలి మానుకుని ఇంకో ఇద్దరు తల్లులతో కలిసి వచ్చి వెనక వరుసలో కూర్చుంది.

పొడిగింపుల జాబితా చదువుతూ మేడం భాగ్యమ్మ పేరు దగ్గర ఆగింది. నకలు పాఠం పంపినందున ఈమె ఒప్పందం పొడిగించడం లేదని కన్నడంలో చెప్పింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. హనుమంతరాయప్ప గారు లేచి నిలబడ్డాడు. హమ్మయ్య, మాట నిలబెట్టుకుంటున్నాడు అనుకున్నాను. భాగ్యమ్మ కూడా అలవాటు కొద్దీ లేచి నిలబడింది.

ఆయన గొంతు సవరించుకుని, మేడం గారూ, ఆమె చిన్నపిల్ల, నా శిష్యురాలు, తెలియక చేసి ఉంటుంది, పెద్దమనసు చేసుకుని ఈసారికి క్షమించండి అన్నాడు.

క్షమించాలట! ఆమెను! నా చెవులను నేనే నమ్మలేకపోయాను. నిజం చెప్పే ధైర్యం లేక, ఊరుకోవడానికి మనసొప్పక, నడుమ ఈ దిక్కుమాలిన దయ ఒకటి కనిపెట్టాడు. దొంగతనం చేసినవాడి తిట్టు కంటే వాడి సిఫారసు ఎక్కువ మండిస్తుందని ఆ రోజు తెలిసింది. నేను బల్ల మీద చెయ్యి కొట్టి లేచాను. నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి ఓబుళమ్మ గొంతు వినబడింది.

"ఏంది సారూ, యావర్ని యావరు క్షమించేది?"

ఆమె ఫోను చేత్తో పట్టుకుని వరుసల మధ్య నుంచి ముందుకు వచ్చింది. మేము పొద్దున పోతే పొద్దుగూకే దాకా పలకల కిందే ఉంటాం, పిల్లోళ్ళు బళ్ళో ఏం చేస్తాండారో మాకు తెలీదు, అందుకని మా మిస్సు పాఠాలు మా ఫోన్లలోకి ఏసిస్తాది, అన్నం తినేటప్పుడు మేమంతా పెట్టుకొని వింటాం అంది. ఆమె చెప్పేది నేను కన్నడంలో మేడంకు చెబుతూ పోయాను. ఓబుళమ్మ ఫోను మేడం ముందున్న మైకు దగ్గర పెట్టి నొక్కింది.

హాలంతా భాగ్యమ్మ గొంతు. పదిహేడు కాయలు, నలుగురికి పంచండి. పిల్లల గోల, కాయలు గలగలమన్న చప్పుడు. మిగిలింది ఎవరికి? మా యవ్వకి. మీ యవ్వకు పళ్ళు లేవు కదే! నవ్వులు. దంచి బెల్లం పెట్టిస్తా మిస్.

ఓబుళమ్మ ఫోను ఆపి ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఈ మాటన్నెది నా బిడ్డ పావని. ఆ యవ్వ మా యత్త. మేష్ట్రూ, నా బిడ్డ మీ హొసకోట ఇస్కూల్లో ఎప్పుడు సదివె? మాకు సదువు చెప్పినోళ్ళు మీరు. మీరే చెప్పండి."

ఆమె వెనక ఉన్న ఇద్దరు తల్లులు, మా పిల్లోళ్ళ గొంతులూ ఉండాయి దాంట్లో, పేర్లతో సహా చెప్తాం అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. మేడం నా వైపు వంగి, సార్, పిల్లల గొంతులు ఇలా అందరి ముందు వినిపించడం గోప్యత ఉల్లంఘన కదా అంది. తలకాయ ఉండే మాటేనా అది? ఆ గొంతు ఆ తల్లి కన్న బిడ్డదమ్మా, ఉల్లంఘన జరిగింది మీ గోడ మీద అని నేను అరిచాను. బ్లాకు విద్యాధికారి నన్ను కూర్చోమని సైగ చేశారు. నేను కూర్చోలేదు.

హనుమంతరాయప్ప గారు జేబులోంచి ఫోను తీశాడు. "నాదే తప్పు. పాఠం ఆయమ్మది. ఎనక్కి తీసుకుంటాండా," అన్నాడు. అందరూ వినేలాగే అన్నాడు. తర్వాత చాలాసేపు ఫోనును వేలితో తడుముతూ నిలబడ్డాడు. ఎక్కడ నొక్కాలో ఆయనకు తెలియలేదు.

భాగ్యమ్మ తన కుర్చీ వదిలి ఆయన పక్కకు పోయి నిలబడింది. "ఈడ సార్," అని చూపించింది. ఆయన నొక్కాడు. నిజంగా వెనక్కి తీసుకుంటారా అని అది మళ్ళీ అడిగినట్టుంది. "ఇంకోసారి నొక్కాల సార్," అంది ఆమె. ఆయన మళ్ళీ నొక్కాడు.

భాగ్యమ్మ ఒప్పందం పొడిగించారు. హనుమంతరాయప్ప గారికి మాస్టర్ ట్రైనరు పదవి పోయింది. ఆయన ఆ వారమే సెలవు పెట్టి, అటునుంచి అటే స్వచ్ఛందంగా రిటైరయ్యాడు. ఆయన్ను శిక్షించాలని ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. గోడ మీద పేర్లు వేయడం మాత్రం ఆగలేదు. అది ఆపమని నేను రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రాలేదు.

ఆ ఏడాది ట్రస్టు అచ్చువేసిన నివేదిక నాకూ ఒక ప్రతి పంపారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. అందులో పావగడ తాలూకు గురించి ఒక పేరా ఉంది. ఒక నకలు పాఠాన్ని మా ఏఐ స్వయంగా గుర్తించింది, తద్వారా అసలైన ఉపాధ్యాయురాలికి న్యాయం జరిగింది అని రాశారు. ఓబుళమ్మ పేరు ఎక్కడా లేదు. చదివి ఆ పుస్తకాన్ని ఆఫీసు గోడకేసి కొట్టాను. అటెండరు పరుగెత్తుకొచ్చాడు.

కొత్తగా ఈ శాఖలోకి వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు నన్ను అడుగుతారు, పాఠాలు అంచనా వేయడానికి యంత్రాలు వాడొచ్చా సార్ అని. వాడండి. కానీ ఒక టీచరు పాఠానికి మార్కు వేసి సంతకం పెట్టే అధికారి ఆ పాఠం విని ఉండాలి. ఎవరు చెప్పారో, ఎవరికి చెప్పారో తెలిసి ఉండాలి. ఆ తరగతిలో కాసేపు కూర్చోవడానికి తీరిక లేనివాడికి ఆ టీచరు ఉద్యోగం తీసే అధికారం ఇవ్వకూడదు. నా సర్వీసు మొత్తంలో నేను ఖాయంగా చెప్పగలిగింది ఇదే.